అడగకుండా దక్కిన పూచీ

మిల్లుకు ధాన్యం తోలిన రైతు, డబ్బు వెంటనే చేతికి రాకపోతే, ఒక చీటీ తీసుకుని ఇంటికి వెళతాడు. చీటీ మీద బస్తాల లెక్క, తూకం, ధర, మిల్లు ముద్ర, గుమాస్తా సంతకం ఉంటాయి. ఆ మిల్లులో వాటాదారులు ఎందరో, ఎవరి పెట్టుబడి ఎంతో, లాభంలో ఎవరికి రూపాయికి ఎన్ని అణాలో అందులో ఉండదు. రైతు అడగడు, అడిగినా చెప్పేవాళ్లు ఉండరు. అయినా ఆ మిల్లు భాగస్వామ్య సంస్థ అయితే, 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఆ చీటీ బాకీకి ప్రతి వాటాదారూ తక్కినవాళ్లతో కలిసీ బాధ్యుడే, విడిగా ఒక్కడే అయినా బాధ్యుడే. మిల్లు యంత్రాలు అమ్మినా బాకీ తీరకపోతే ఆ అప్పు వాటాదారుడి సొంత ఇంటికీ, పొలానికీ, బ్యాంకులో దాచుకున్న సొమ్ముకూ వస్తుంది. నాది పావలా వాటా, పావలా వంతే ఇస్తానంటే కుదరదు. దొరికినవాడి దగ్గర మొత్తం రాబట్టుకుని, మీలో మీరు తర్వాత లెక్క చూసుకోండి అనగల హక్కు రైతుది. వ్యాపారుల్లో చాలామంది ఈ నియమాన్ని నెత్తిమీది కత్తిలా చూస్తారు. కంపెనీల కాలంలో ఇంకా ఇదెందుకని చదువుకున్నవాళ్లూ అంటారు. దీని పుట్టుక, పెరుగుదల వరసగా చూసుకుంటూ వస్తే నాకు మరోలా కనిపిస్తుంది. ఇది వాటాదారుడికి వేసిన శిక్ష కాదు. ఎదుటివాడి దగ్గర పూచీకత్తు రాయించుకునే స్తోమత లేని అప్పులవాడికి చట్టం అతను అడగకుండానే రాసిచ్చిన పూచీ.

ఇదంతా ఇంగ్లీషువాళ్లు తెచ్చిపెట్టిందేనన్న అభిప్రాయం బలంగా ఉంది. అందులో సగమే నిజం. మన ధర్మశాస్త్రాలు వ్యాజ్యాలను పద్దెనిమిది రకాలుగా విడదీశాయి. వాటిలో ఒకటి సంభూయ సముత్థానం, అంటే నలుగురు కూడి చేసే వ్యాపారం. దీని గురించి యాజ్ఞవల్క్యుడు, నారదుడు, బృహస్పతి చెప్పిందంతా దాదాపు వాటాదారుల మధ్య లెక్కే. పెట్టిన సొమ్మును బట్టి గానీ, ముందుగా అనుకున్న మాటను బట్టి గానీ లాభనష్టాలు పంచుకోవాలి. తక్కినవాళ్ల సమ్మతి లేకుండానో, అజాగ్రత్త వల్లనో సొత్తు పోగొట్టినవాడు దాన్ని తానే పూడ్చాలి. దొంగల నుంచో, రాజు నుంచో, ఆపద నుంచో ఉమ్మడి సరుకు కాపాడినవాడికి అందులో పదో వంతు దక్కుతుంది. ఇంత చక్కటి ఏర్పాటులోనూ బయటివాడి ఊసు పెద్దగా లేదు. అరువిచ్చినవాడు ఎవరిని పట్టుకోవాలన్న ప్రశ్నకు దారి చూపేది అప్పుల ప్రకరణం. అక్కడ యాజ్ఞవల్క్యుడు ఒకే బాకీకి నిలిచిన హామీదార్లను రెండు తెగలు చేశాడు. ఎవరి వంతుకు వాళ్లు నిలిస్తే ఎవరి వంతు వాళ్లు ఇస్తే చాలు. అలా కాక అందరూ ఏకచ్ఛాయను ఆశ్రయించి, అంటే ప్రతి ఒక్కడూ అసలు బాకీదారుడి నీడలోనే తానూ నిలబడి పూచీ ఇస్తే, అప్పిచ్చినవాడు తన ఇష్టం వచ్చినవాడి దగ్గర మొత్తం రాబట్టుకోవచ్చు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యే మితాక్షర. దాన్ని 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. స్మృతికారుడు ఈ మాట చెప్పింది హామీదార్లకే, వాటాదార్లకు కాదు. ఆ తేడాను నేను దాచను. కానీ కలిసి మాట ఇచ్చినవాళ్లలో ఎవరో ఒకరిని మొత్తానికి నిలదీయవచ్చన్న ఆలోచన ఇక్కడివాళ్లకు కొత్త కాదని చెప్పడానికి ఆ నీడ అన్న మాట ఒక్కటి చాలు.

రోమన్ల దగ్గర జరిగింది దీనికి దగ్గరగానే ఉంటుంది. వాళ్ల సొసియెటాస్, అంటే భాగస్వామ్యం, కూడా లోపలి లెక్కలకే పరిమితం. ఒక వాటాదారుడు అప్పు చేస్తే మామూలుగా ఆ అప్పు అతనిదే, తక్కినవాళ్లకు అంటదు. కారణం తేలిక: ఒకరి మాట మరొకరిని కట్టిపడేస్తుందన్న సూత్రం వాళ్ల భాగస్వామ్యంలో లేదు. అయితే రెండు చోట్ల మినహాయింపు కనిపిస్తుంది. కలిసి బ్యాంకు నడిపే వడ్డీవ్యాపారులూ, కలిసి ఓడ నడిపే యజమానులూ ఒక్కొక్కరే మొత్తం అప్పుకు జవాబుదారులు. ఈ రెండింటిలోనూ ఎదుట ఉన్నది ముక్కూమొహం తెలియని జనం. బల్ల మీద డబ్బు పెట్టి వెళ్లేవాడికి ఆ బల్ల వెనక ఉన్నవాళ్ల ఒప్పందం తెలియదు. రేవులో ఓడ మాస్టరుకు సరుకు అప్పగించినవాడు యజమానుల వాటాలు విచారిస్తూ కూర్చుంటే ఓడ వెళ్లిపోతుంది. లోపల ఏముందో చూడలేనివాడు ఎక్కడ ఉన్నాడో అక్కడే పూర్తి పూచీ పుట్టింది.

మధ్యయుగాల ఇటలీలో మినహాయింపు నియమంగా మారింది. ఫ్లోరెన్సు వ్యాపారులు తమ సంస్థను కంపాన్యా అన్నారు, అంటే ఒకే రొట్టె పంచుకు తినేవాళ్ల జట్టు. మన పొత్తు అన్న మాటకు కూడా కలిసి భోంచేయడమన్న అర్థం ఉండటం నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే విషయం. మొదట అన్నదమ్ములు, తర్వాత బంధువులు, ఆ పైన బయటివాళ్లు ఆ జట్టులో చేరారు. దూరదేశాల్లో కూర్చున్న ఒక సభ్యుడు కంపెనీ పేరుతో కాగితం మీద రాసిన మాట ఫ్లోరెన్సులోని అందరినీ కట్టిపడేసేది. ఆ మాటకు విలువ వచ్చింది కూడా దాని వెనక అందరి ఇళ్లూ వాకిళ్లూ ఉండబట్టే. 1343లో పెరుజ్జీ కంపెనీ, 1346లో బార్డీ కంపెనీ కూలినప్పుడు వాటి సభ్యుల సొంత ఆస్తులు అప్పులవాళ్ల పాలయ్యాయి. ఆ రోజుల చరిత్ర రాసిన జొవాన్ని విల్లాని స్వయంగా బువొనక్కోర్సి కంపెనీ భాగస్వామి. ఆ కంపెనీ దివాలా ఆయన్ని జైలుకు పంపింది. ఇంత భారం మోయలేమన్నవాళ్లకు వేరే దారి కూడా అక్కడే తెరుచుకుంది. 1408లో ఫ్లోరెన్సు చేసిన చట్టం ప్రకారం డబ్బు మాత్రం పెట్టి, వ్యాపారం జోలికి రాకుండా, పేరు నమోదు చేయించుకున్నవాడు పెట్టినంత మేరకే నష్టపోతాడు. అంటే అపరిమిత బాధ్యత పెట్టుబడికి అంటుకున్నది కాదు, అందరి తరపునా మాట ఇచ్చే అధికారానికి అంటుకున్నది. ఆ సంగతి ఆ నగరానికి అప్పుడే అర్థమైంది.

ఇంగ్లండుకు అర్థం కావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 1793లో వా వర్సెస్ కార్వర్ కేసులో ఓడల ఏజెంట్లు కొందరు తమ రాబడిలో కొంత పంచుకుందామని, ఒకరి నష్టాలకు మరొకరు బాధ్యులం కాదని స్పష్టంగా రాసుకున్నారు. లాభంలో చెయ్యి పెట్టినవాడు అప్పులవాళ్లకు చెందాల్సిన నిధిలో చెయ్యి పెట్టినట్టే కనుక బయటివాళ్ల దృష్టిలో భాగస్వామేనని కోర్టు తేల్చింది. వినడానికి బాగుంది గానీ తర్కం నిలవదు, లాభం నుంచి జీతం తీసుకునే గుమాస్తా కూడా ఆ లెక్కన బాధ్యుడవుతాడు. 1860లో కాక్స్ వర్సెస్ హిక్‌మన్ కేసులో ప్రభువుల సభ ఆ దారి మార్చింది. స్టాంటన్ ఇనుప కంపెనీ అప్పుల్లో మునిగితే, అప్పులవాళ్లే ట్రస్టీలను పెట్టి, వ్యాపారం నడిపించి లాభాల నుంచి బాకీలు రాబట్టుకుందామనుకున్నారు. ట్రస్టీగా పేరున్న కాక్స్ ఆ పని అసలు చేపట్టనే లేదు. తర్వాత కంపెనీ హుండీలు చెల్లకపోతే హిక్‌మన్ అతని మీద దావా వేశాడు. లాభం పంచుకోవడం ఒక గుర్తు మాత్రమేననీ, అసలు ప్రశ్న ఆ వ్యాపారం ఎవరి తరపున నడుస్తోందన్నదేననీ సభ చెప్పింది. మన చట్టం 4వ సెక్షన్లో భాగస్వామ్యానికి ఇచ్చిన నిర్వచనం చివర, అందరి తరపునా ఒకరు నడిపే వ్యాపారం అన్న అర్థంలో ఉన్న మాటలు ఈ తీర్పు బిడ్డలే. పూచీకి మూలం లాభం కాదు, మాట. ఒకడి నోటితో మరొకడు మాట్లాడినప్పుడు ఆ రెండోవాడు ఆ మాటకు కట్టుబడాలి.

ఇక మన దేశం ఇంగ్లండును అనుకరించిందన్న మాట తీసుకుందాం. 1879లో కెండాల్ వర్సెస్ హామిల్టన్ కేసు ఆ దేశంలో తేలింది. అప్పిచ్చినవాడు తనకు తెలిసిన ఇద్దరు వాటాదార్ల మీద డిక్రీ పొందాడు. వాళ్ల దగ్గర ఏమీ రాలలేదు. తెర వెనక మూడో వాటాదారుడు, డబ్బున్నవాడు ఉన్నాడని తర్వాత బయటపడింది. బాకీ ఉమ్మడిది, ఒకసారి డిక్రీ అయిపోయింది, కనుక మళ్లీ దావా చెల్లదని అక్కడి అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. దాక్కున్నవాడు గట్టెక్కాడు, నమ్మినవాడు మునిగాడు. మన కాంట్రాక్టు చట్టం అంతకు ఏడేళ్ల ముందే, 1872లోనే, 43వ సెక్షన్లో మరో దారి పట్టింది. కలిసి మాట ఇచ్చినవాళ్లలో ఏ ఒక్కడినైనా మొత్తం నెరవేర్చమని అడగవచ్చంది. ఇంగ్లండు 1890 చట్టంలో కూడా స్కాట్లండును మినహాయించి ఉమ్మడి బాధ్యతతోనే సరిపెట్టుకుంది. కాంట్రాక్టు చట్టంలోని భాగస్వామ్య ప్రకరణాన్ని విడదీసి వేరే చట్టం చేయడానికి ప్రభుత్వం వేసిన ప్రత్యేక సంఘంలో దిన్‌షా ముల్లాతో పాటు, నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు కూడా ఉన్నారు. ఆ పరిశీలన నుంచి వచ్చిన 1932 చట్టం కలిసీ, విడివిడిగానూ అన్న మాటలు చేర్చి అప్పులవాడి వైపు తూకం స్పష్టంగా వేసింది. ఆ సంవత్సరం అక్టోబరు 1న అది అమల్లోకి వచ్చింది. ఎరువు తెచ్చిన రూపమే అయినా దాని పదును మనం పెట్టుకున్నదే.

ఈ పదును ఎంతదో ఒక తెలుగు కేసులో దగ్గరగా చూడవచ్చు. వడ్లు దంపడం, వేరుశనగ కాయలు ఒలవడం కలిసి చేసుకునే రెండు కుటుంబాలు సగం సగం వాటాలతో మిల్లు నడిపాయి. 1936లో రాసుకున్న ఒక కరారు మీద తగాదా పడ్డాయి. ఆ కరారు రిజిస్టరు కాలేదు. సంస్థ ఆస్తిలో భూములున్నాయి కనుక రిజిస్ట్రేషన్ లేని కాగితం చెల్లుతుందా అన్న ప్రశ్న 1966లో సుప్రీంకోర్టు ముందు తేలింది. వాటాదారుడి హక్కు చరాస్తేనని కోర్టు చెప్పింది, దానికి చూపిన కారణం మనకు ముఖ్యం. సంస్థ నడుస్తున్నంతకాలం ఏ వాటాదారుడూ ఈ గోడౌను నాది, ఈ ఎకరం నాది అని వేలు పెట్టి చూపలేడు. అప్పులన్నీ తీరాక మిగిలినదాంట్లోనే అతనికి భాగం. ఉమ్మడి గొర్రె పుచ్చి చస్తుందని మన సామెత. ఉమ్మడి ఆస్తి ఎవరికీ పట్టకుండా పోతుందన్న భయం అందులో ఉంది. ఉమ్మడి అప్పును అలా పోనివ్వకూడదని చట్టం పట్టుబట్టింది. ఆస్తిలో ఏ ముక్కా నాదని చెప్పలేని మనిషి అప్పులో మాత్రం ప్రతి పైసాకూ జవాబు చెప్పాలి.

మరి ఇది అన్యాయం కాదా? నిజాయితీపరుడైన ఒక వాటాదారుడు, తోటివాడు తనకు చెప్పకుండా చేసిన అప్పుకు ఇల్లు పోగొట్టుకోవాలా? ఈ ఆక్షేపణను తేలిగ్గా తీసిపారేయలేం. 1878 అక్టోబరులో గ్లాస్గో నగర బ్యాంకు తలుపులు మూసింది. దాని వాటాదార్లు 1,819 మంది, అందరిదీ అపరిమిత బాధ్యతే. దివాలా తీయకుండా మిగిలినవాళ్లు 254 మంది. ఒంటరి స్త్రీలు, పదవీ విరమణ చేసినవాళ్లు వీధిన పడ్డారు. ఆ ఘోరాన్ని సమర్థించే వాదన నా దగ్గర లేదు. కానీ ఆ వాటాదార్లలో ఒకరి తరపున ఒకరు మాట్లాడేవాళ్లు ఎవరు? వాళ్లకు ఒకరి మొహం ఒకరికి తెలియదు, బ్యాంకు లెక్కల్లో వేలు పెట్టే హక్కు లేదు. మాట ఇచ్చే అధికారం లేనివాళ్లకు పూచీ అంటగట్టడమే అక్కడ జరిగిన తప్పు. అలాంటి సంస్థలకు పరిమిత బాధ్యత ఇవ్వడం సబబు, మన దేశంలో 1857 చట్టం ఆ తలుపు తీసింది కూడా. ముగ్గురు నలుగురు ఒకరినొకరు ఎంచుకుని, రోజూ ఖాతాలు చూసుకుంటూ నడిపే మిల్లు సంగతి వేరు. తోటివాడి నడత కనిపెట్టగలిగినవాళ్లు వాళ్లే, బయటివాడు కాదు. పైగా చట్టం వాళ్లను నిలువునా వదిలేయలేదు. మైనరును లాభాలకు మాత్రమే చేర్చుకోవచ్చు, అతని బాధ్యత సంస్థలోని వాటా వరకే. కొత్తగా చేరినవాడికి పాత అప్పులు అంటవు. వాటాదారుడి సొంత అప్పులవాళ్లకు అతని సొంత ఆస్తిలో ముందు వంతు, సంస్థ అప్పులవాళ్లకు సంస్థ ఆస్తిలో ముందు వంతు. డిక్రీ పట్టుకుని జప్తుకు వచ్చిన అమీనా కూడా ఒంటిమీది బట్టలు, వంటపాత్రలు, పరుపులు, ఆడవాళ్ల మెడలో ఆచారం ప్రకారం తీయకూడని సొమ్ము, రైతు నాగలి, ఎడ్లు ముట్టుకోకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతుంది. అసలు లోపం ఉన్నది మరో చోట. సంస్థ నుంచి తప్పుకున్న వాటాదారుడు ఆ సంగతి బహిరంగంగా ప్రకటించకపోతే, తర్వాతి అప్పులు కూడా అతన్ని వెంటాడవచ్చు. రిజిస్టరైన సంస్థ అయితే రిజిస్ట్రారుకు తెలపడం, గెజెట్లో, జిల్లాలో చదివే ఒక దేశభాషా పత్రికలో వేయించడం ఆ ప్రకటన పద్ధతి. గెజెట్ చదివే వ్యాపారి ఎక్కడున్నాడు? తొంభై ఏళ్ల నాటి ఆ పద్ధతిని మార్చమని అడగడం న్యాయం. పూచీనే ఎత్తేయమనడం న్యాయం కాదు.

మరో ఆక్షేపణ దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది: ఈ పూచీ కాగితం మీదే గానీ కష్టం వచ్చినప్పుడు పనిచేయదని. దానికి సాక్ష్యం మద్రాసులోనే ఉంది. తెలుగు జిల్లాలు కూడా ఉన్న ఆ ప్రెసిడెన్సీలో నూరేళ్లకు పైబడిన పేరున్న అర్బత్‌నాట్ సంస్థ కంపెనీ కాదు, భాగస్వామ్య సంస్థ. జనం నమ్మి డబ్బు దాచుకుంటే 1906 అక్టోబరు 22న అది చెల్లింపులు ఆపేసింది. దానికి రెండు రోజుల ముందే లండన్‌లో దాని జంట సంస్థను నడిపిన మక్‌ఫాడియన్ ప్రాణం తీసుకున్నాడు. సర్ జార్జ్ అర్బత్‌నాట్‌కు 18 నెలల కఠిన కారాగార శిక్ష పడింది. బాధ్యతకు హద్దు లేదు గానీ ఆస్తికి హద్దుంది, డిపాజిటుదార్లు తీవ్రంగా నష్టపోయారు. ఒప్పుకుంటాను, వాటాదారుడి దగ్గర లేని డబ్బును ఏ చట్టమూ తేలేదు. కానీ ఈ ఉదంతం నుంచి నేర్చుకోవలసింది పూచీ పనికిరాదని కాదు. ఇద్దరు ముగ్గురి ఇళ్లూ పొలాలూ మోయగలిగిన దానికన్నా పెద్ద బరువు ఆ పూచీ మీద పెట్టకూడదని. అందుకే డిపాజిట్ల వ్యాపారం కంపెనీల చేతికి, నియంత్రణ కిందికి పోవడం సరైనదే. మరుసటి ఏడు వి. కృష్ణస్వామి అయ్యరు పూనికతో మద్రాసులో ఇండియన్ బ్యాంకు పుట్టింది ఆ గాయం నుంచే.

చివరి ఆక్షేపణే ఈ రోజుల్లో గట్టిది: ఎల్‌ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్యం, వచ్చాక ఇంకా ఈ చర్చ ఎందుకు? 1991లో అమెరికాలోని టెక్సాస్, పొదుపు బ్యాంకులు కూలి లాయర్ల సంస్థల మీద దావాలు పడటంతో, పరిమిత బాధ్యత భాగస్వామ్యానికి దారి తీసింది. పెద్ద ఆడిట్ సంస్థల ఒత్తిడితో బ్రిటన్ 2000లో చట్టం చేసింది. మన చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చిన రోజు 2009 జనవరి 7. హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ అధినేత లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ ఉత్తరం రాసింది కూడా సరిగ్గా ఆ రోజే. తప్పుడు లెక్కల మీద సంతకం చేసినవాళ్లు ఎవరికి జవాబుదారులన్న ప్రశ్న దేశమంతా వినిపించిన రోజునే, తోటి భాగస్వామి తప్పుకు సొంత ఆస్తి పోదన్న చట్టం పుట్టింది. అది కాకతాళీయమే, కుట్ర కాదు. ఎల్‌ఎల్‌పీ వల్ల మేలు లేదని కూడా నేననను. కానీ ఆచరణలో ఏం జరుగుతోంది? ఎల్‌ఎల్‌పీకైనా, ప్రైవేటు కంపెనీకైనా అప్పిచ్చే ముందు బ్యాంకు భాగస్వాముల చేతా, డైరెక్టర్ల చేతా సొంత హామీ పత్రాల మీద సంతకాలు పెట్టించుకుంటుంది. అవసరమైతే ఇల్లు తనఖా రాయించుకుంటుంది. కంపెనీలకు అలా హామీ ఇచ్చినవాళ్ల మీద దివాలా కోడ్ 2019 డిసెంబరు 1 నుంచి నేరుగా వర్తిస్తోంది, 2021లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అంటే అపరిమిత బాధ్యత ఎక్కడికీ పోలేదు. రాయించుకోగలిగినవాడికి మిగిలింది, రాయించుకోలేనివాడి చేతి నుంచి జారిపోయింది. గోనెసంచులు అరువిచ్చిన కొట్టువాడు, లారీ కిరాయి రావలసినవాడు, హమాలీలు, ధాన్యం తోలిన రైతు ఎవరి చేతా హామీ పత్రం మీద సంతకం పెట్టించుకోలేరు. మిల్లు ఎల్‌ఎల్‌పీ అయితే వాళ్ల బాకీ మిల్లు గోడల దగ్గరే ఆగిపోతుంది, బ్యాంకు బాకీ గోడ దాటి ఇంట్లోకి వస్తుంది. పాత భాగస్వామ్యంలోనైతే ఇద్దరికీ ఒకే తలుపు.

ఆ పాత భాగస్వామ్యం కుప్పకూలినప్పుడు ఏమవుతుందో మన జిల్లాల్లో అందరికీ తెలిసిన మాట ఒకటుంది: ఐపీ పెట్టాడు అంటారు. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్‌కు అది జనం పెట్టుకున్న ముద్దుపేరు. కొత్త దివాలా కోడ్‌లో భాగస్వామ్య సంస్థల కోసం రాసిన భాగం ఇంకా అమల్లోకి రాలేదు కనుక, ఇవాళ కూడా ఆ పిటిషన్ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందే జిల్లా కోర్టుకు వెళుతుంది. బాకీ 500 రూపాయలుంటే చాలు అని మూలచట్టంలో రాసిన అంకె ఆ కాలాన్ని గుర్తుచేస్తుంది. పిటిషన్‌తో పాటు వాటాదారుడు రెండు వివరాలు రాసివ్వాలి. ఒకదాంట్లో తనకు అప్పిచ్చిన ప్రతి ఒక్కరి పేరూ, చిరునామా, సొమ్మూ. అందులో చీటీ మాత్రమే ఉన్న రైతు పేరు కూడా ఉంటుంది. రెండోదాంట్లో తన ఆస్తి అంతా, సంస్థలో వాటాతో పాటు తన పేరున ఉన్న ఇల్లూ, సెంట్ల లెక్కన పొలమూ, సర్వే నంబర్లతో సహా.